మా అబ్బాయి క్వార్టర్‌బ్యాక్.. కాలేజీ మారతానంటున్నాడు, ఆపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ బాగా ఆడి, క్వార్టర్‌బ్యాక్‌గా స్కాలర్‌షిప్ తెచ్చుకుని, టెక్సస్‌లోనే ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. ఇప్పుడు రెండో ఏడాది. మొదటి సీజన్ మొత్తం బెంచీ మీదే కూర్చున్నాడు. ఈసారి మూడు మ్యాచ్‌ల్లో, అదీ గెలుపు ఖాయమైపోయాక, చివర్లో కాసేపు దింపారు. వాడికన్నా ముందున్న అబ్బాయి ఒక్క ఏడాదే సీనియర్. అందుకని జనవరిలో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో పేరు ఇస్తానంటున్నాడు. ఎవరో ఏజెంట్‌నంటూ ఫోన్ చేసి, రెండు పెద్ద కాలేజీలు రెడీగా ఉన్నాయి, వచ్చే డబ్బులో నాకు 20 శాతం ఇస్తానని సంతకం చేస్తే చాలు అన్నాడట. మా వారేమో 'ఇక ఆట చాలు, చదువు పూర్తి చెయ్యి' అంటున్నారు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఊళ్లో అత్తగారు 'కాలేజీ మారడమేంటి, ఫెయిలయ్యాడా' అని అడుగుతున్నారు. వాణ్ణి ఆపాలా? మారితే మచ్చ పడుతుందా?
– ఓ తల్లి, టెక్సస్

సమాధానం:

ఆపకండి. అలాగని జనవరి వచ్చింది కదా అని పేరు ఇచ్చేయనివ్వకండి. ముందు అతని క్రెడిట్ల (పాసైన కోర్సులకు డిగ్రీ లెక్కలో జమయ్యే గంటల) సంగతి తేలాలి. ఏ కాలేజీకి వెళ్తే ఎన్ని పనికొస్తాయో కాగితం మీద కనబడాలి. ఆ లెక్క బాగుంటే ఈ జనవరిలోనే వెళ్లొచ్చు. బాగోలేకపోతే ఇంకో ఏడాది అక్కడే ఉండి, డిగ్రీ పట్టా తీసుకుని వెళ్లడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. మైదానంలో జట్టుకు పదకొండు మంది ఉంటారు. జట్టు దాడిలో ఉన్నప్పుడు దాదాపు ప్రతిసారీ బంతి ముందుగా వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. విసరాలా, పక్కవాడికి అందించాలా, తనే పరుగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో అతనే తేల్చుకోవాలి. మిగతా స్థానాల్లో ఆటగాళ్లను మార్చి మార్చి దింపుతారు. ఒకడు అలసిపోతే ఇంకొకడికి అవకాశం వస్తుంది. క్వార్టర్‌బ్యాక్‌కి ఆ వీలు లేదు. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, లేదా బాగా ఆడలేకపోవాలి. అప్పుడే రెండోవాడి వంతు.

మీ అబ్బాయి వారమంతా ఎలా గడుస్తుందో ఎప్పుడైనా అడిగారా? ప్రాక్టీసులో ఎక్కువ బంతులు మొదటివాడికే వెళ్తాయి. మిగిలిన కొన్ని రెండోవాడికి. అంతకన్నా వెనకున్నవాడు స్కౌట్ టీమ్‌లో, ఆ శనివారం ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడతాడో అలా ఆడి చూపిస్తూ తన సొంత డిఫెన్స్‌కి సాధన చేయిస్తాడు. తను ఎప్పటికీ ఆడని ఆటను వారం వారం నేర్చుకుంటాడన్నమాట. మ్యాచ్ రోజున టోపీ పెట్టుకుని, సైడ్‌లైన్‌లో నిలబడి సిగ్నళ్లు ఇస్తాడు. చదువు, మీటింగులు, జిమ్, వీడియోలు చూడటం మాత్రం మొదటివాడితో సమానం. రెండేళ్లు అలా ఉన్న కుర్రాడు వెళ్తానంటే దాన్ని తొందరపాటనో, ఓర్పు లేకపోవడమనో అనలేం. అతనికి టైమ్ దాటిపోతోంది. ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడితే ఆ సీజన్ లెక్కలోకి రాదు కాబట్టి, ఈసారి ఆడిన మూడు మ్యాచ్‌ల వల్ల నష్టమేమీ లేదు. అయినా గడువులో రెండేళ్లు అయిపోయాయి, మిగిలినవి మూడు. ముందున్న అబ్బాయికి ఇంకా రెండేళ్లుంటే మీవాడికి దక్కేది ఒక్క సీజనే. ఈ లెక్క అతను చాలాసార్లు వేసుకునే ఉంటాడు. (ఐదేళ్ల నిబంధన మార్చాలన్న చర్చ కూడా నడుస్తోంది. అందుకని అతని ఆఖరి సీజన్ ఏదో, ఆటగాళ్ల నిబంధనలు చూసే యూనివర్సిటీ కంప్లయన్స్ ఆఫీసు నుంచి ఈమెయిల్లో తెప్పించుకోండి. నోటిమాట వద్దు.)

ఇక మచ్చ గురించి. అస్సలు పడదు. 2021కి ముందు ఫుట్‌బాల్లో డిగ్రీ పూర్తికాకుండా కాలేజీ మారితే సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారి మారడానికి ఆ శిక్ష తీసేశారు. 2024లో కోర్టు కేసుల దెబ్బకి, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు అన్నారు. అసలు పోర్టల్ అనే డేటాబేస్ మొదలైందే 2018 అక్టోబర్‌లో. కాలేజీ ఫుట్‌బాల్లో అన్నిటికన్నా పెద్ద అవార్డు హైస్‌మన్ ట్రోఫీ. 2017 నుంచి 2025 వరకు ఇచ్చిన తొమ్మిదిట్లో ఆరు, కాలేజీ మారి వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లకే వెళ్లాయి. బేకర్ మేఫీల్డ్, కైలర్ మర్రే, జో బర్రో, కేలబ్ విలియమ్స్, జేడెన్ డేనియల్స్, ఫెర్నాండో మెండోజా. వీళ్లలో మేఫీల్డ్ మీ టెక్సస్ కుర్రాడే. టెక్సస్ టెక్‌లో స్కాలర్‌షిప్ లేకుండా చేరి, అక్కణ్ణుంచి ఓక్లహోమాకి కూడా స్కాలర్‌షిప్ లేకుండానే వెళ్లి, 2014 సీజనంతా ఆడకుండా కూర్చుని, 2017లో ట్రోఫీ అందుకున్నాడు. మీ అత్తగారికి ఇన్ని పేర్లు చెప్పక్కర్లేదు. ఫెయిలవలేదు, ఇక్కడ ఆడే పిల్లలు కాలేజీ మారడం మామూలే అని మీవాడి చేతే ఫోన్‌లో చెప్పించండి. మనవడి గొంతు వింటే ఆవిడ సగం నిమ్మళిస్తారు.

మీవారికి మాత్రం ఇద్దరి కథలు చెప్పాలి. ఆయన భయం చదువు గురించి కదా.

జో బర్రో ఒహాయో స్టేట్‌లో మూడేళ్లున్నాడు. ఎప్పుడూ మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలేకపోయాడు. 2018 వసంతంలో ఆ స్థానం ఇంకొకరికే దక్కేలా ఉందని అర్థమయ్యాక వెళ్లిపోయాడు. అయితే అప్పటికే ఆ మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసేశాడు. అప్పటి నిబంధన ప్రకారం పట్టా ఉన్నవాడు ఏడాది ఆగక్కర్లేదు. లూసియానాలో ఎల్‌ఎస్‌యూకి వెళ్లి వెంటనే ఆడాడు. మొదటి ఏడాది ఆట ఫరవాలేదనిపించింది, అంతే. రెండో ఏడాది, 2019లో, 60 టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా స్కోరు తెచ్చే విసుర్లు) విసిరాడు. జట్టు పదిహేను మ్యాచ్‌లకు పదిహేనూ గెలిచి జాతీయ చాంపియన్ అయింది. మరుసటి ఏడాది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు అతని పేరే పిలిచారు.

జేలెన్ హర్ట్స్ కథ నాకు ఇంకా ఇష్టం. హ్యూస్టన్ పక్కన చానల్‌వ్యూలో పెరిగాడు, నాన్న హైస్కూల్ కోచ్. అలబామాలో మొదటి ఏడాదే క్వార్టర్‌బ్యాక్ అయి, వరసగా గెలిపిస్తూ వచ్చాడు. 2018 జనవరి 8న జార్జియాతో జాతీయ ఫైనల్. సగం ఆట అయ్యేసరికి అలబామా ఒక్క పాయింటూ చెయ్యలేదు. కోచ్ హర్ట్స్‌ని పక్కనపెట్టి, టువా టంగోవైలోవా అనే మొదటి ఏడాది కుర్రాణ్ణి దింపాడు. ఆ కుర్రాడు ఓవర్‌టైమ్‌లో 26–23తో గెలిపించాడు. దేశమంతా చూస్తుండగా కుర్చీ పోయింది. అందరూ హర్ట్స్ వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు. మరుసటి సీజనంతా రెండోవాడిగా ఉన్నాడు. 2018 డిసెంబర్‌లో అదే జార్జియాతో కాన్ఫరెన్స్ ఫైనల్లో టువాకి దెబ్బ తగిలితే, నాలుగో క్వార్టర్లో దిగి 35–28తో గెలిపించాడు. అదే నెలలో డిగ్రీ పూర్తయింది. అప్పుడు ఓక్లహోమాకి వెళ్లాడు. 2019లో హైస్‌మన్‌లో బర్రో తర్వాత రెండో స్థానం. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచినప్పుడు ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే.

ఇద్దరూ పట్టా చేతికొచ్చాకే వెళ్లారు. ఆ రోజుల్లో నిబంధన అలా చేయించింది, నిజమే. ఇప్పుడా బలవంతం లేదు. అయినా చదువు లెక్క మాత్రం మారలేదు. పట్టా ఉన్నవాడు వెళ్తే ఒక్క క్రెడిటూ పోదు. సగంలో వెళ్లినవాడికి ఎన్ని పోతాయో చూసుకుంటేగానీ తెలియదు.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు మోసపోతారు. కొత్త యూనివర్సిటీ 'మీ క్రెడిట్లన్నీ తీసుకుంటాం' అంటుంది. అబద్ధం కాదు, తీసుకుంటుంది. కానీ ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ షీట్ వచ్చాక చూస్తే, మీవాడు కష్టపడి పాసైన డేటా స్ట్రక్చర్స్ పక్కన 'ఎలక్టివ్' అని ఉంటుంది. అంటే మొత్తం క్రెడిట్లలో కలుస్తుంది, కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి కావాల్సిన కోర్సుగా మాత్రం లెక్కకు రాదు. మళ్లీ చదవాలి. పైగా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం ఆటగాడు ఏటేటా తన డిగ్రీలో ఇంత శాతం పూర్తి చేస్తూ రావాలి. ఎలక్టివ్‌లు ఎక్కువైపోతే ఆ శాతం పడిపోయి, ఆడే అర్హతకే ముప్పు వస్తుంది. అప్పుడు అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ సలహాదారు ఏం చెప్తాడో తెలుసా? 'మేజర్ మార్చుకో, ఫలానా కోర్సులో అయితే నీ క్రెడిట్లన్నీ సరిపోతాయి' అంటాడు. కంప్యూటర్ సైన్స్ అలా చేజారుతుంది. ఆ మాట విన్నప్పుడు ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ అబ్బాయి ఇప్పుడే ఆలోచించుకుని ఉంచుకోవాలి. జనవరి హడావుడిలో ఆలోచించే టైమ్ ఉండదు.

టెక్సస్‌లో ఒక సౌకర్యం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల మధ్య 42 గంటల కోర్ కరికులమ్ పూర్తిగా బదిలీ అవుతుంది. రాష్ట్రం లోపలే మారితే ఇంగ్లిష్, హిస్టరీ, గవర్నమెంట్ లాంటివి పోవు. మేజర్ కోర్సుల సంగతే విడిగా చూడాలి. ఏ కోర్సు ఏ కోర్సుకి సమానమో చూపించే పట్టికలు చాలా యూనివర్సిటీలు బయటే పెడతాయి. ఈ పని మీవారికి అప్పగించండి. కొడుకు ట్రాన్‌స్క్రిప్ట్ ముందు పెట్టుకుని, వెళ్లాలనుకుంటున్న నాలుగు కాలేజీల పట్టికలతో పోల్చి ఒక ఎక్సెల్ షీట్ వెయ్యమనండి. మన నాన్నలకి ఎక్సెల్ షీట్ ఇస్తే కోపం తగ్గుతుంది. ఆట మానెయ్యమని పోరే మనిషి, కొడుకు పక్కన కూర్చుని ఈ కోర్సు పోతుందా ఉంటుందా అని మాట్లాడటం మొదలుపెడతారు. తండ్రీకొడుకులు కలవడానికి నాకు ఇంతకన్నా మంచి దారి కనబడటం లేదు.

షీట్‌లో ఒక సెమిస్టర్‌కన్నా ఎక్కువ పోతున్నట్టు తేలితే ఉండమనే చెప్తాను. హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, డ్యూయల్ క్రెడిట్ కోర్సులు చేసి ఉంటే (మన పిల్లలు చాలామంది చేస్తారు), వేసవి క్లాసులు కలుపుకుని మూడేళ్లకి డిగ్రీ అవుతుందేమో అడ్వైజర్‌ని అడగండి. అలా అయ్యేటట్టుంటే మరుసటి జనవరికల్లా పట్టా ఖాయమని తెలిసి, రెండు సీజన్లు మిగిలి, ఎక్కడికైనా వెళ్లగలడు. సెమిస్టర్ లోపే పోతుంటే, వెళ్లేచోట కుర్చీ నిజంగా ఖాళీగా ఉంటే, ఇప్పుడే వెళ్లనివ్వండి.

పేరు ఇస్తే ఏమవుతుందో మీకు స్పష్టంగా తెలియాలి. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో రెండో విడత ఆప్షన్లు పెట్టుకుంటే, కొత్త సీటు వచ్చాకే పాత సీటు రద్దవుతుంది. పోర్టల్ అంతకన్నా కఠినం. పేరు ఇచ్చిన మరుక్షణం నుంచి మిగతా కాలేజీల కోచ్‌లు మీవాడితో మాట్లాడొచ్చు, నిజమే. కానీ కొత్తది దొరికినా దొరక్కపోయినా ఇప్పటి యూనివర్సిటీ ఆ సెమిస్టర్ చివర్లో స్కాలర్‌షిప్ ఆపెయ్యొచ్చు. పేరు వెనక్కి తీసుకోవచ్చు, కానీ మళ్లీ జట్టులోకి తీసుకోవాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. పైగా 2025 నుంచి, ఆటగాళ్లకు డబ్బు పంచడంపై కోర్టులో కుదిరిన కొత్త సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో ఫుట్‌బాల్ జట్టు 105 మందికి మించకూడదు. చోటు ఇరుకైంది. తొందరపడితే రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. స్కాలర్‌షిప్ ఎప్పటిదాకా ఉంటుందో పేరు ఇవ్వకముందే కంప్లయన్స్ ఆఫీసుని అడగమనండి.

తేదీల చిక్కు ఇంకొకటి. ఇదివరకు పోర్టల్లో పేరు ఇవ్వడానికి డిసెంబర్‌లో ఒకటి, ఏప్రిల్లో ఒకటి విండోలుండేవి. 2026లో వాటిని తీసేసి జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కటే పెట్టారు. చాలా యూనివర్సిటీల్లో స్ప్రింగ్ సెమిస్టర్ మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. పేరు ఇచ్చాక యూనివర్సిటీ దాన్ని పోర్టల్లో ఎక్కించడానికి రెండు పనిదినాలు పడుతుంది. ఆ తర్వాత ఫోన్లు, ఒకటో రెండో క్యాంపస్ విజిట్లు, అడ్మిషన్. ఈలోపు క్లాసుల్లో చేరే చివరి తేదీ దాటిపోతే వేసవి దాకా ఆగాలి. అలా ఆగితే వసంతంలో జరిగే పదిహేను ప్రాక్టీసులూ పోతాయి. క్వార్టర్‌బ్యాక్‌కి ఆ పదిహేనే ప్రాణం. కొత్త ప్లేబుక్ (జట్టు ఎత్తుల పుస్తకం), కొత్త సిగ్నళ్లు, బంతి అందుకునే కొత్త రిసీవర్ల వేగం అన్నీ అక్కడే తెలిసేది. అవి లేకుండా ఆగస్టులో దిగినవాడు అక్కడా బెంచీ మీదే మొదలవుతాడు. కాబట్టి వెళ్తే మొదటి రోజునే వెళ్లాలి. ట్రాన్‌స్క్రిప్టులు, అప్లికేషన్ ఫారాలు డిసెంబర్‌లోనే సిద్ధంగా ఉండాలి.

కుర్చీ ఖాళీ సంగతి ఎలా తెలుస్తుందంటే, ప్రతి కాలేజీ రోస్టర్ (జట్టు జాబితా) బహిరంగమే. క్వార్టర్‌బ్యాక్‌లు ఎంతమంది, ఎవరు ఏ ఏడాది, వచ్చే ఏడు హైస్కూల్ నుంచి ఎవరొస్తున్నారు, ముందే చూసుకోవచ్చు. కోచ్ ఫోన్ చేశాక మీ అబ్బాయి సిగ్గుపడకుండా అడగాల్సిన మాట ఇది: 'నేను వస్తే, నాతోపాటు పోర్టల్ నుంచి ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని కూడా తెస్తున్నారా?' సూటిగా చెప్పే కోచ్‌లు ఉన్నారు. నీళ్లు నమిలితే అదే జవాబు. రెండో మాట, జట్టు దాడిని నడిపించే కోచ్, అంటే అఫెన్సివ్ కోఆర్డినేటర్, ఉంటాడా అని. 2025 ఏప్రిల్లో నికో ఇయామలేయావా అనే పేరున్న క్వార్టర్‌బ్యాక్ డబ్బు విషయంలో తేడా వచ్చి టెనెసీ వదిలి యూసీఎల్‌ఏకి వెళ్లాడు. సీజన్ మొదట్లో వరసగా మూడు ఓడగానే సెప్టెంబర్‌లో అక్కడ హెడ్ కోచ్‌నే తీసేశారు. ఎవర్ని నమ్మి వెళ్లాడో ఆ మనిషే లేకుండా పోయాడు. అందుకే కోచ్‌ని చూసి మాత్రమే ఎంచుకోవద్దు. కోచ్ పోయినా చదవాలనిపించే యూనివర్సిటీ అయితేనే వెళ్లమనండి.

ఇప్పుడు ఆ ఏజెంట్ విషయం. దీని మీద నాకు కోపంగా ఉంది. పోర్టల్లో పేరు లేని కుర్రాడితో వేరే కాలేజీ మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం. మధ్యవర్తి ద్వారా అయినా అంతే. మరి 'రెండు పెద్ద కాలేజీలు రెడీగా ఉన్నాయి' అంటే, ఆ మాట అబద్ధమైనా అయ్యుండాలి, లేదా నిబంధన దాటుతున్నారని అయినా అర్థం. ఏదైనా అతనికి 20 శాతం ఇవ్వడానికి కారణం కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్లేయర్ కాంట్రాక్టు మీద ఏజెంట్ మూడు శాతానికి మించి తీసుకోకూడదని ఆటగాళ్ల సంఘం పరిమితి పెట్టింది. కాలేజీ స్థాయిలో అలాంటి హద్దు లేదు, అందుకే ఇలాంటివాళ్లు ఎంతంటే అంత అడుగుతారు. టెక్సస్‌లో అథ్లెట్ ఏజెంట్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. పేరు అడిగి సరిచూడండి. అక్కడ లేకపోతే ఆ నంబర్ బ్లాక్ చెయ్యండి.

డబ్బు అసలు రాదని అనడం లేదు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే ఏడాదికి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచొచ్చు. కానీ మీవాడి దగ్గర చూపించడానికి ఉన్నది మూడు మ్యాచ్‌ల్లో చివరి నిమిషాల వీడియో. పెద్ద అంకెలు చెప్పేవాళ్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారనే అనుకోండి. ఎంత ఇస్తామన్నా కాగితం మీద, సంతకంతో ఉండాలి. 2024లో లాస్ వేగస్‌లోని యూఎన్‌ఎల్‌వీలో మాథ్యూ స్లూకా అనే క్వార్టర్‌బ్యాక్ మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిపించాక జట్టు వదిలేశాడు. లక్ష డాలర్లు ఇస్తామని నోటిమాటగా చెప్పి ఇవ్వలేదని అతని తరఫువాళ్లు, మేం మాట తప్పలేదని యూనివర్సిటీవాళ్లు. రాత లేకపోతే ఎవరి మాట నిజమో ఎలా తేలుతుంది? మీవాడు ఇప్పటి కాలేజీతో ఏదైనా డబ్బు ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే, మధ్యలో వెళ్తే వెనక్కి కట్టాలనే షరతు ఉందేమో లాయర్‌కి చూపించండి. గంటకు ఇంత అని ఫీజు తీసుకునే లాయర్ చాలు, వాటా అడిగేవాళ్లు అక్కర్లేదు.

ఇది చదివే మిగతా కుటుంబాల కోసం ఒక పక్కమాట. మీ అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. పిల్లలు హెచ్4 మీదో, ఎఫ్1 మీదో ఉంటే ఈ డబ్బు ముట్టుకునేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాల్సిందే. హెచ్4 పిల్లలకి పని చేసే అనుమతి ఉండదు, 21 ఏళ్లకి ఆ వీసాయే పోతుంది. ఎఫ్1 మీద క్యాంపస్ బయట సంపాదనకీ హద్దులున్నాయి. జట్టువాళ్లందరూ సంతకం పెడుతున్నారని వీళ్లూ పెట్టేస్తే స్టేటస్‌కే ఎసరు వస్తుంది.

మీరు ఈ వారం చేయాల్సింది ఒకటే. అబ్బాయిని ఇంటికి పిలిచి, తన అడ్వైజర్ దగ్గర నుంచి డిగ్రీకి ఏం పూర్తయిందో, ఏం మిగిలిందో చూపే డిగ్రీ ఆడిట్ కాగితం వెంట తెమ్మనండి. 'వెళ్లొద్దు' అనే మాట ఆ రోజు ఇంట్లో ఎవరూ అనకూడదని మీవారికి ముందే చెప్పి ఉంచండి. అతనికి ఇరవై ఏళ్లు, నిర్ణయం అతనిదే. ఏ కోర్సు పోతే బాధపడతాడో, ఏ కోర్సు పోయినా పట్టించుకోడో ముందు అతన్నే గుర్తు పెట్టమనండి. షీట్ పూర్తయ్యాక మళ్లీ రాయండి, కాలేజీల పేర్లతో సహా. కలిసి చూద్దాం.